వరం నుండి హక్కు వరకు: బరోడా సంస్థానం చెప్పే కథ



స్వాతంత్ర్యానికి పూర్వం అచ్చయిన భారతదేశ పటాన్ని చూచినవారికి అందులో రెండు రంగులు కనిపిస్తాయి. ఒకటి బ్రిటిషు ప్రభుత్వం స్వయంగా ఏలిన రాష్ట్రాలది. రెండవది రాజులు, నవాబులు ఏలిన సంస్థానాలది. దేశ వైశాల్యంలో ఐదింట రెండు వంతులు, జనాభాలో సుమారు నాల్గవ వంతు ఈ సంస్థానాలలో ఉండేవి. వాటి సంఖ్య అయిదు వందలకు పైమాటే. కొన్ని ఐరోపా రాజ్యాలంత విశాలమైనవి. కొన్ని నాలుగు గ్రామాలకు మించనివి.

ఈ సంస్థానాల చరిత్రను గూర్చి సామాన్యంగా రెండు అభిప్రాయాలు వినవస్తాయి. రాజులందరూ విలాసాలలో మునిగి తేలిన కీలుబొమ్మలని ఒకటి. ప్రజలను కన్నబిడ్డల వలె పాలించిన ధర్మప్రభువులని మరొకటి. ఈ రెండు మూసలలో దేనిలోనూ ఒదగనిది బరోడా సంస్థానం. అక్కడ ఒక రాజు తన కాలాన్ని మించిన పనులు తలపెట్టాడు. ఆ పనులు ఎంత దూరం సాగాయి, ఎక్కడ ఆగిపోయాయి, ఎందుకు ఆగిపోయాయి అన్న ప్రశ్నలకు సమాధానం వెదికితే రాజు అనుగ్రహించే వరానికీ పౌరుడు అనుభవించే హక్కుకూ మధ్య గల అంతరం బోధపడుతుంది.

పద్దెనిమిదవ శతాబ్ది పూర్వార్ధంలో మరాఠా సేనానులైన గైక్వాడ్ వంశీయులు గుజరాత్‌లో తమ అధికారాన్ని నెలకొల్పుకొన్నారు. పీష్వాల ప్రాభవం తగ్గుముఖం పట్టిన కాలంలో, అంతఃకలహాలతో సతమతమవుతున్న బరోడా ప్రభువు ఆనందరావు 1802లో ఈస్టిండియా కంపెనీతో ఒడంబడిక చేసుకొన్నాడు. కంపెనీ సైన్యం సంస్థానానికి రక్షణ ఇస్తుంది. ఆ సైన్యపు వ్యయాన్ని సంస్థానం భరిస్తుంది. రాజధానిలో కంపెనీ ప్రతినిధి అయిన రెసిడెంటు నివాసముంటాడు. ఈ ఏర్పాటుతో శత్రుభయం తీరింది. కాని రాజు ఇంటిలోనే రాజును మించిన అధికారి ఒకడు వచ్చి కూర్చున్నాడు. బరోడాకు తరువాతి కాలంలో 21 ఫిరంగుల గౌరవ వందనం దక్కింది. హైదరాబాదు, మైసూరు, గ్వాలియరు, జమ్మూ కాశ్మీరులతో పాటు ఆ గౌరవం పొందిన ఐదు సంస్థానాలలో అదొకటి. అయితే ఫిరంగులు ఎన్నిసార్లు మ్రోగినా వాటి మందుగుండు ఎవరి చేతిలో ఉన్నదో 1875లో లోకానికంతటికీ తెలిసివచ్చింది.

1870లో మల్హారరావు గద్దె నెక్కాడు. అతని పాలనలో ప్రజలకు బాధలెక్కువయ్యాయన్నది నిజం. రెసిడెంటు కర్నల్ ఫేర్‌కూ ఆయనకూ పొసగలేదు. పాలనను చక్కదిద్దడానికి 1874లో దాదాభాయి నౌరోజీ దివానుగా వచ్చినా అక్కడ నిలువలేకపోయాడు. ఆ ఏడు నవంబరులో రెసిడెంటు త్రాగే పంపర పనస షర్బత్తులో పాషాణం కలిపి, ఆయనను చంపించడానికి మహారాజు ప్రయత్నించాడన్న ఆరోపణ వచ్చింది. విచారణకు ఆరుగురితో సంఘం ఏర్పడింది. అందులో ముగ్గురు ఆంగ్లేయులు, ముగ్గురు భారతీయులు. గ్వాలియరు మహారాజు, జయపురం మహారాజు, సర్ దినకరరావు ఆ ముగ్గురు భారతీయులు. ఆంగ్లేయులు ముగ్గురూ నేరం రుజువైనదన్నారు. భారతీయులు ముగ్గురూ రుజువు కాలేదన్నారు. తీర్పు సరిసమానంగా చీలిపోయింది. అయినా ప్రభుత్వం వెనుకాడలేదు. విషప్రయోగం మాట ప్రక్కనబెట్టి, దుష్పరిపాలన కారణం చూపి, 1875 ఏప్రిల్‌లో మల్హారరావును పదవీచ్యుతుని గావించి మద్రాసుకు పంపివేసింది. 1882లో ఆయన అక్కడనే కన్నుమూశాడు.

ఖాళీ అయిన గద్దెకు వారసుడు కావలసి వచ్చింది. పూర్వ ప్రభువైన ఖండేరావు భార్య జమునాబాయికి దత్తత స్వీకరించడానికి అనుమతి లభించింది. నాసిక్ ప్రాంతంలోని కవలాణా గ్రామంలో గైక్వాడ్ వంశానికే చెందిన ఒక రైతు కుటుంబం ఉండేది. ఆ ఇంటి బాలుడు గోపాలరావు 1863లో జన్మించాడు. 12 ఏండ్ల వయస్సులో సయాజీరావు అన్న పేరుతో సింహాసనం మీద కూర్చున్న నాటికి అతనికి చదవను, వ్రాయను రాదు. పొలం గట్లపై తిరిగిన ఆ బాలుడు రాజభవనంలో అక్షరాభ్యాసం చేశాడు. అతడు పెద్దవాడయ్యేవరకు రాజ్యభారం దివాను సర్ టి. మాధవరావు వహించారు. కుంభకోణంలో జన్మించి, అంతకు పూర్వం తిరువాన్కూరు, ఇందూరు సంస్థానాలలో దివానుగా పేరు పొందిన మాధవరావు బరోడాలో ఆదాయ వ్యయాలను, న్యాయస్థానాలను, పాఠశాలలను ఒక క్రమంలో నిలబెట్టారు. 1881 డిసెంబరులో సయాజీరావుకు పూర్తి అధికారాలు సంక్రమించాయి.

ఆలస్యంగా అక్షరం నేర్చినవానికి అక్షరం విలువ బాగా తెలుస్తుంది. సయాజీరావు జీవితాన్ని గమనిస్తే ఈ మాట యథార్థమనిపిస్తుంది. సుమారు 8 వేల చదరపు మైళ్ల బరోడా రాజ్యం ఒకే చోట ఉన్నది కాదు. బరోడా, కడి, నవ్‌సారీ, అమ్రేలీ అనే నాలుగు ప్రాంతాలుగా, నడుమ బ్రిటిషు జిల్లాలు, ఇతర సంస్థానాలు అడ్డురాగా, ముక్కలు ముక్కలుగా ఉండేది. 1893లో సౌరాష్ట్ర భాగంలోని అమ్రేలీ తాలూకాలో, కొన్ని గ్రామాలలో, ప్రాథమిక విద్యను నిర్బంధము, ఉచితము గావించి ప్రభుత్వం ఒక ప్రయోగం ప్రారంభించింది. బాలురతో పాటు బాలికలకు కూడ ఇది వర్తించింది. ఆ ప్రయోగం సాగుతుండగానే 1899–1900 నాటి ఘోరమైన క్షామం గుజరాత్‌ను కబళించింది. విక్రమశకం 1956లో వచ్చినది గనుక ప్రజలు దానిని ఛప్పనియా కరువని నేటికీ చెప్పుకొంటారు. 1891లో సుమారు 24 లక్షలున్న సంస్థానపు జనాభా 1901 నాటికి 20 లక్షలకు లోపు పడిపోయింది. ఇంతటి విపత్తు తరువాత బడులకు డబ్బెక్కడిదని ఏ పాలకుడైనా అనవచ్చు. బరోడా అలా అనలేదు. 1906లో నిర్బంధ ప్రాథమిక విద్యను రాజ్యమంతటికీ విస్తరింపజేసింది.

అయితే శాసనం వ్రాసినంత సులువుగా బడి నడవదు. పశువులు కాయవలసిన పిల్లవాడు, చెల్లెలిని ఎత్తుకొని ఆడించవలసిన పిల్ల బడికి వస్తే ఆ యింట పని ఆగిపోతుంది. పిల్లలను పంపని తల్లిదండ్రులకు జరిమానా విధించే విధానముండేది. ఆ జరిమానా చెల్లించుటకు పేద రైతుకు కష్టమే అయ్యేది. పైనుండి వచ్చిన మేలు క్రిందివానికి ఒక్కొక్కప్పుడు భారంగా తోచడం ఇటువంటి సంస్కరణలలో సహజం. అయినప్పటికీ ఈ దేశంలో ప్రతి బిడ్డనూ బడికి పంపడం సాధ్యమేనని నిరూపించిన కీర్తి బరోడాకు దక్కింది.

ఆ నిరూపణను ఆధారం చేసుకొన్నవాడు గోపాలకృష్ణ గోఖలే. బరోడా చేయగలిగిన పని బ్రిటిషు ఇండియా ఎందుకు చేయలేదన్నది ఆయన ప్రశ్న. 1911 మార్చిలో ఆయన కేంద్ర శాసనమండలిలో నిర్బంధ విద్యను ప్రవేశపెట్టుటకు వీలు కల్పించే బిల్లును ప్రతిపాదించాడు. ఆ బిల్లు ఎంతో సౌమ్యమైనది. స్థానిక సంస్థలు కోరుకున్న చోటనే అమలు కావలసినది. అయినా 1912 మార్చిలో 13 ఓట్లకు 38 ఓట్లతో వీగిపోయింది. ఒక సంస్థానాధీశుడు తన బొక్కసం నుండి చేసిన పనిని మహాసామ్రాజ్యం చేయలేనన్నది. పాలించే హక్కు తమకు ఉన్నదనడానికి నాగరికతను సాకుగా చెప్పే ప్రభుత్వానికి ఈ ఓటమి ఒక మచ్చ.

బడి విడిచిన పిల్లవాడు చదువు మరచిపోకుండా ఉండాలంటే ఊరిలో పుస్తకాలుండాలి. అమెరికాలో పర్యటించి అక్కడి గ్రంథాలయాలను చూచి వచ్చిన సయాజీరావు, 1910లో విలియం బోర్డెన్ అనే అమెరికను గ్రంథాలయ నిపుణుని రప్పించాడు. మహారాజు సొంత గ్రంథాలు ఇరవై వేలు కేంద్ర గ్రంథాలయానికి పునాది అయ్యాయి. గ్రామ గ్రంథాలయాల నిర్వహణకు చక్కని పద్ధతి ఒకటి నెలకొన్నది. గ్రామస్థులు ఏటా కొంత సొమ్ము పోగుచేస్తే అంతే మొత్తాన్ని ప్రాంత పంచాయతీ, అంతే మొత్తాన్ని ప్రభుత్వం చేర్చేవి. పుస్తకాలు నింపిన పెట్టెలు ఊరూరా తిరిగేవి. మోతీభాయి అమీన్ వంటి ఉపాధ్యాయులు ఈ ఉద్యమానికి జీవితాన్ని ధారపోశారు.

ఇక్కడ తెలుగునాడును తలచుకొనవలసి ఉన్నది. 1914 ఏప్రిల్‌లో విజయవాడలో, చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం రూపొందింది. దానికి ప్రాణం పోసినవాడు అయ్యంకి వెంకటరమణయ్య. 1919 నవంబరులో మద్రాసులో అఖిల భారత స్థాయిలో ప్రథమ గ్రంథాలయ మహాసభ జరిపించాలని ఆంధ్రులు పూనుకొన్నప్పుడు, దానికి అధ్యక్షుడుగా వచ్చినవాడు బరోడా సంస్థాన గ్రంథాలయాధికారి జె. ఎస్. కుడాల్కర్. బరోడా పెట్టె, ఆంధ్రుల ఉత్సాహం ఆ వేదిక మీద కలుసుకొన్నాయి. అయితే రెండింటికీ ఒక భేదమున్నది. బరోడాలో గ్రంథాలయం రాజు సంకల్పంతో మొదలై ప్రజల చెంతకు వచ్చింది. ఆంధ్రదేశంలో అది ప్రజల చందాలతో, పిడికెడు బియ్యంతో, పందిళ్లలో, దేవాలయ మండపాలలో మొదలైంది. తరువాతి కాలంలో కృష్ణా డెల్టా కాలువలపై పడవలలో పుస్తకాలు ప్రయాణం చేశాయి. ఇక నిజాం రాజ్యంలో, 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం స్థాపనతో ఆరంభమైన ఉద్యమం ప్రభుత్వపు అనుమానపు చూపుల నడుమనే సాగవలసివచ్చింది. పుస్తకాన్ని ఒక సంస్థానం ఊరూరికీ పంపింది. మరొక సంస్థానం పుస్తకం చుట్టూ గుమిగూడిన జనాన్ని చూచి శంకించింది. సంస్థానాలన్నింటినీ ఒకే త్రాసులో తూచరాదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

బరోడా రాజు చేయగలిగిన పనులు ఇవి. ఇక చేయలేకపోయినవి చూడాలి. ఆయన చేతులను రెండు శక్తులు కట్టివేశాయి. ఒకటి పైనున్నది, రెండవది క్రిందనున్నది.

పైనున్న శక్తి బ్రిటిషు పరమాధికారం. 1911 డిసెంబరు 12న ఢిల్లీ దర్బారులో ఐదవ జార్జి చక్రవర్తి ముందు సంస్థానాధీశులు వరుసగా వచ్చి వందనం సమర్పించారు. సయాజీరావు నిండుగా ఆభరణాలు ధరించకుండా వచ్చి, ఒకసారి మాత్రం వంగి, వెనుదిరిగి నడచిపోయాడు. చక్రవర్తికి వెన్ను చూపాడని బ్రిటిషు పత్రికలు నిప్పులు కురిపించాయి. ఆయనపై అధికారులకు ముందు నుండీ అనుమానమే. బరోడా కొలువులో 1893 నుండి 1906 వరకు ఉండిన అరవింద ఘోషు తరువాత వంగదేశంలో విప్లవ భావాల ప్రచారకుడయ్యాడు కదా! కడకు మహారాజు రాజప్రతినిధికి క్షమాపణ లేఖ వ్రాసుకోక తప్పలేదు. ఇరవై లక్షల మందికి విద్యను శాసించగలిగినవాడు తాను ఎన్ని అడుగులు వెనుకకు నడవాలో శాసించుకోలేకపోయాడు. సంస్థానాల స్వాతంత్ర్యం ఎంతటిదో 1926లో లార్డు రీడింగు హైదరాబాదు నిజాముకు వ్రాసిన లేఖ దాపరికం లేకుండా తెలియజేసింది. భారతదేశంలో బ్రిటిషు సార్వభౌమాధికారమే సర్వోన్నతమనీ, ఏ సంస్థానాధీశుడూ ఆ ప్రభుత్వంతో సమాన హోదాలో మాట్లాడజాలడనీ ఆ లేఖ సారాంశం.

క్రిందనున్న శక్తి అంతకంటె బలమైనది. అది సమాజంలో వేళ్లూనిన అంటరానితనం.

సయాజీరావు అస్పృశ్యులుగా చూడబడిన వర్గాల పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు, వసతి గృహాలు నెలకొల్పాడు. ఆ బడులను నడపడానికి ఆర్యసమాజ పండితుడైన ఆత్మారాంను పిలిపించాడు. 1913లో బొంబాయి పట్టభద్రుడైన భీమ్‌రావ్ అంబేద్కర్ అనే యువకునికి నెలకు పదకొండున్నర పౌనుల విద్యార్థి వేతనమిచ్చి మూడేండ్ల కాలానికి అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి పంపాడు. చదువు ముగిసిన తరువాత బరోడా కొలువులో పనిచేయాలన్నది షరతు. ఆ షరతు ననుసరించి, న్యూయార్కులోను లండనులోను చదివిన ఆ విద్వాంసుడు 1917లో బరోడా చేరాడు.

ఆయనకు ఉద్యోగం దొరికింది. ఉండడానికి ఇల్లు దొరకలేదు. నగరంలోని ఏ హిందూ వసతి గృహంలోనూ తనకు చోటుండదని ఆయనకు తెలుసు. ఒక పార్శీ సత్రానికి వెళ్లాడు. అది పార్శీలకు మాత్రమే ఉద్దేశింపబడినది. రోజుకు రూపాయిన్నర అద్దెకు ఆశపడిన సత్రపు కావలివాడు, పుస్తకంలో ఒక పార్శీ పేరు వ్రాయించుకొని చోటిచ్చాడు. పగలు కచేరీలో పని. రాత్రి దీపం సరిగా లేని, మరొక మనిషి లేని సత్రంలో ఒంటరితనం. పదకొండవ రోజు ఉదయం పది పన్నెండు మంది పార్శీలు కర్రలు చేతబట్టి వచ్చి నిలదీశారు. సాయంత్రానికి ఖాళీ చేయాలన్నారు. ఊరిలో ఆయనకు ఇద్దరు మిత్రులున్నారు. ఒకరు హిందువు, మరొకరు క్రైస్తవుడు. నీవు మా యింట ఉంటే పనివారు మానివేస్తారని ఒకరు, ఇంటి ఇల్లాలి ఆచారం ఒప్పుకోదని మరొకరు మెల్లగా తప్పుకొన్నారు. ఒక ఉద్యానవనంలో ఐదు గంటలు కూర్చుని, రాత్రి తొమ్మిది గంటల బండికి ఆయన బొంబాయి వెళ్లిపోయాడు. ఈ వృత్తాంతాన్ని తరువాత ఆయనే తన స్మృతులలో వ్రాసుకొన్నాడు.

ఇక్కడ ఒక్క మతాన్నో, ఒక్క కులాన్నో దోషిగా నిలబెట్టి తక్కినవారు చేతులు దులుపుకొనడానికి అవకాశం లేదు. ఆ పదకొండు రోజులలో ప్రతి గుమ్మమూ ఏదో ఒక కారణం చెప్పి మూసుకొన్నది. సముద్రాల కావలి వరకు పంపగలిగిన మహారాజు, తన రాజధానిలోని ఒక వీధిలో, ఒక గదిలో, తన ఉద్యోగికి చోటు ఇప్పించలేకపోయాడు. ఆయన సద్బుద్ధిని శంకించనక్కరలేదు. కాని సద్బుద్ధి చట్టమై, ఆ చట్టాన్ని అడిగే హక్కు బాధితుని చేతికి వచ్చేదాకా మూసిన తలుపు తెరుచుకోదని ఆ ఘట్టం తెలియజేస్తున్నది.

సయాజీరావు 1939 ఫిబ్రవరిలో బొంబాయిలో మరణించాడు. ఆరు దశాబ్దాలకు పైబడిన ఆయన కాలంలో బరోడాలో కళాశాల, కళాభవనం, బ్యాంకు, ప్రాచ్య గ్రంథమాల వెలశాయి. బాల్యవివాహాలను అరికట్టే శాసనం 1904లోనే వచ్చింది. ఆయన రాణి చిమ్నాబాయి 1927లో పుణేలో జరిగిన ప్రథమ అఖిల భారత మహిళా మహాసభకు అధ్యక్షత వహించింది. అయినా రాజ్యాధికారంలో ప్రజలకు నిజమైన భాగం లభించలేదు. శాసనసభ ఉన్నా కడపటి మాట రాజుదే. బాధ్యతాయుత ప్రభుత్వం కావాలని ప్రజామండలం కోరుతూనే ఉన్నది. బరోడా ఉన్నత న్యాయస్థానంలో ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన అబ్బాస్ తయాబ్జీ వంటి వృద్ధుడు 1930లో ఉప్పు సత్యాగ్రహంలో చెరసాలకు వెళ్లాడంటే కాలం ఎటు నడుస్తున్నదో ఊహించవచ్చు.

1947 ఏప్రిల్‌లో రాజ్యాంగ సభలో తొలుదొల్త ఆసీనులైన సంస్థాన ప్రతినిధులలో బరోడావారు ఉన్నారు. ఆ ఏడు ఆగస్టు 29న రాజ్యాంగ ముసాయిదా సంఘం ఏర్పడింది. దాని సభ్యులలో ఒకరు బరోడా దివానుగా ఉండిన సర్ బి. ఎల్. మిత్తర్, కొంతకాలానికి ఆయన వైదొలగారు. ఆ సంఘానికి అధ్యక్షుడు డాక్టర్ అంబేద్కర్. ముప్పయి ఏండ్ల క్రితం బరోడాలో తలదాచుకొనే చోటు దొరకని మనిషి, భారతదేశమంతటికీ నివాసయోగ్యమైన ఒక ఇంటికి నమూనా గీయడానికి కూర్చున్నాడు. 1949 మే 1న బరోడా సంస్థానం బొంబాయి రాష్ట్రంలో విలీనమైంది. అదే సంవత్సరం నవంబరు 26న రాజ్యాంగం ఆమోదం పొందింది. దాని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసి, దాని ఆచరణను శిక్షార్హమైన నేరంగా ప్రకటించింది.

విద్య విషయంలో ప్రయాణం ఇంకా దీర్ఘమైనది. అమ్రేలీ గ్రామాలలో 1893లో మొదలైన ఆలోచన, గోఖలే బిల్లుగా 1912లో ఓడిపోయి, రాజ్యాంగంలో ఆదేశిక సూత్రంగా నిలిచి, 2002 నాటి 86వ సవరణతో ప్రాథమిక హక్కుగా మారి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టంగా ఫలించింది. నూట పదిహేడేండ్ల ప్రయాణమిది. ఆరంభంలో అది ఒక రాజు ఇచ్చిన వరం. వరమిచ్చినవాడు దానిని వెనుకకు తీసుకొనవచ్చు; అతని వారసుడు మరచిపోవచ్చు; పైనున్న ప్రభువు అడ్డుకొనవచ్చు. హక్కు అలాంటిది కాదు. అది అడిగేవాని చేతిలో ఉంటుంది.

బరోడాను తలచుకొన్నప్పుడు లక్ష్మీ విలాస్ ప్రాసాదపు శిఖరాలు అందరికీ గుర్తుకు వస్తాయి. వాటితో పాటు మూడు చిన్న వస్తువులను కూడ గుర్తుంచుకోవడం న్యాయం: అమ్రేలీ పల్లెలో ఒక పిల్ల పట్టుకొన్న పలక, ఊరి నుండి ఊరికి తిరిగిన పుస్తకాల పెట్టె, సత్రపు గుమ్మం బయట పెట్టిన ఒక పండితుని సామాను. మొదటి రెండింటిని ఒక మంచి రాజు ఇవ్వగలిగాడు. మూడవదానిని తిరిగి లోపలికి తెచ్చి పెట్టే పని మాత్రం రాజుల వల్ల కాలేదు. చట్టం తన వంతు చేసింది. ఆ గుమ్మం తలుపు తీయవలసినది ఇంటివారే. ఏ ఊరిలోనైనా, ఏ వీధిలోనైనా, అద్దె యింటి కోసం వచ్చినవానిని కులమేదని అడిగినంత కాలం, 1917 నాటి ఆ సాయంత్రం ఇంకా ముగియలేదనే చెప్పుకోవాలి.